నలభై కొయ్యమేకులూ ఒక డేగకన్నూ

“నేరం అనేది ఒక నీడ బావా! నేను మిట్టమధ్యాహ్నపు సూర్యుణ్ణి. నా ముందు అది నిలవలేదు!”

బావమరిది ఈ మాట అన్నప్పుడు అతని నోట్లో టూత్‌బ్రష్ ఉంది. అందుచేత సగం ప్రకటన వినబడింది, మిగతా సగం నురుగై బావగారి చొక్కా మీద పడింది. బావగారు నగరపాలక సంస్థ పార్కుల విభాగంలో సర్వేయరు. ఇరవై ఏళ్లుగా నేల కొలుస్తున్నాడు గానీ బావమరిది లోతు మాత్రం ఇప్పటికీ అందలేదు.

డేగకన్ను అని బావమరిది తనకు తానే బిరుదు ఇచ్చుకున్నాడు. సోడాబుడ్డి కళ్లద్దాలు లేకపోతే ఈ డేగకు ఎదురుగా ఉన్న గోడ కూడా కనబడదు. పోయిన నెలలో ఇంట్లో గరిటె మాయమైతే మూడు రోజులు విచారణ జరిపి, సొంత అక్కని నాలుగుసార్లు ప్రశ్నించి, చివరికి తన కోటు జేబులోనే పట్టుకున్నాడు. సాక్ష్యంగా ఉంటుందని మొదటి రోజే తీసి దాచుకున్న సంగతి మరిచిపోయాడు.

అలాంటివాణ్ణి మామూలుగా అయితే సర్వేయరు తన పని దరిదాపులకు రానివ్వడు. కానీ ఆ గురువారం అతను నిండా మునిగి ఉన్నాడు.

నగరంలోని పెద్ద పార్కులో కుక్కలు గొలుసు లేకుండా పరిగెత్తడానికి ఒక మూల కంచె వేసి ఇవ్వాలని ప్రతిపాదన. ఆ ఫైలు మూడేళ్లుగా బల్లలు మారుతోంది. ఇన్నాళ్లకు శనివారం పది గంటలకు కమిటీ చూడ్డానికి వస్తోంది. పద్ధతి ఏమిటంటే, హద్దు నేలమీద కొయ్యమేకులతో గుర్తుపెట్టి ఉండాలి, సభ్యులు దాని వెంట నడిచి చూసి ఓటు వేయాలి. నేలమీద హద్దు లేకపోతే ఫైలు మొదటి బల్లకి పోతుంది. సోమవారం సర్వేయరు ఎర్ర రిబ్బన్లు కట్టి నలభై మేకులు దిగ్గొట్టాడు. మంగళవారానికి తొమ్మిది లేవు. బుధవారం స్టోరులో ఉన్న ఆఖరి మేకులు తెచ్చి కొట్టాడు. గురువారానికి మరో పన్నెండు ఎగిరిపోయాయి.

ఉద్యోగం సంగతి అతనికి పెద్ద బెంగ కాదు. బెంగంతా దొరగారి గురించి. దొరగారంటే ఇంట్లో కుక్క. సోఫా మీద కాలు మీద కాలు వేసుకుని పడుకుంటుందని ఆ పేరు. ఫైలు మొదలైనప్పుడు దానికి ఎనిమిదేళ్లు. ఇప్పుడు పదకొండు. వెనక కాలు ఈడుస్తోంది, రెండు అంతస్తుల మెట్లూ ఎత్తుకుని మోయాల్సి వస్తోంది. గొలుసు లేకుండా ఒక్కసారైనా అది పరిగెత్తితే చూడాలని అతని ఆశ. ఇంకో మూడేళ్లు తిరిగినా ఫైలు చావదు. కుక్క మాట వేరు.

“అక్కా, నువ్వైనా చెప్పు. ఈ కేసు నాకప్పగిస్తే ఇరవై నాలుగు గంటల్లో తేల్చేస్తా.”

“ఏదో ఒకటి అప్పగించండి,” అంది భార్య వంటింట్లోంచి. “లేకపోతే మళ్లీ గరిటెల మీద పడతాడు.”

ఆ సాయంత్రం ఇద్దరూ పార్కుకి వెళ్లారు. సర్వేయరు టేపు పట్టుకుని మిగిలిన మేకులు లెక్కపెడుతుంటే, డేగకన్ను సగం ఊడిన మేకు దగ్గర బోర్లా పడుకుని భూతద్దం తీశాడు.

“గాట్లున్నాయి బావా! ఐదో నంబరు పటకారు. దుండగుడు ఎడమచేతి వాటంవాడు.”

“పటకారుకి నంబరుంటుందా?”

“అంతర్జాతీయ ముఠాలకి ఉంటుంది. ఆగు, మేకు మీద ఏదో జిగట ద్రవం.” వేలితో తీసి వాసన చూశాడు. నాలుక మీద వేసుకున్నాడు. కళ్లు మూసుకుని ఆలోచించాడు. “మన ల్యాబుల్లో దొరికే సరుకు కాదిది. దాచి దాచి వాడే విదేశీ రసాయనం.”

సర్వేయరు వినడం మానేసి చాలాసేపైంది. అతనికి ఉన్న అనుమానం ఒక్కటే, అది కూడా ఉదయపు నడకవాళ్ల సంఘం అధ్యక్షుడి మీద. ఆయన రిటైర్డ్ హెడ్మాస్టరు. కంచె వేసే మూల ఆయన సంఘం కూర్చునే నాలుగు బెంచీలను మింగేస్తుందని మూడేళ్లుగా అర్జీలు రాస్తున్నాడు. కుక్కలను మాత్రం ఎవరూ అనుమానించలేదు. పార్కులో కుక్కని గొలుసు విప్పి వదలకూడదని నిబంధన ఉంది కదా, ఇక కుక్క ఎలా తీస్తుంది?

శుక్రవారం తెల్లవారుజామున డేగకన్ను కాపలా వేశాడు. రోజూ ఆ వేళకు దొరగారిని తిప్పడం ఆ ఇంట్లో అతనికున్న ఒకే ఒక్క పని, కనుక వేట కుక్క కూడా తోడైనట్టే. ఏడింటికి తిరిగొచ్చి రిపోర్టు ఇచ్చాడు.

“ఐదు నుంచి ఆరున్నర దాకా బెంచీ మీదే ఉన్నా. ఈగ కూడా వాలలేదు. అయినా ఎనిమిది మేకులు పోయాయి బావా. శత్రువు సామాన్యుడు కాదు!”

“కన్నార్పకుండా చూశావా?”

“ఆర్పలేదు. మూశానంతే. కళ్లు మూస్తే చెవులు పదునెక్కుతాయి.”

“దొరగారో?”

“నా పక్కనే. గొలుసు క్షణం కూడా వదల్లేదు.”

దొరగారు నాలుక వేలాడేసి, మామూలు కన్నా ఎక్కువ రొప్పుతూ సోఫా ఎక్కి పడుకుంది. పాపం, ముసలితనం అనుకుని సర్వేయరు దాని తల నిమిరాడు.

శనివారం పదింటికి కమిటీ వచ్చేసరికి పదకొండు మేకులు మిగిలాయి. అధ్యక్షురాలు కళ్లజోడు సవరించుకుని చూసింది.

“ఇది హద్దా అండీ? మా అత్తగారి పళ్ల వరసలా ఉంది.”

“అమ్మా, రెండుసార్లు కొట్టాను. ఎవరో పీకేస్తున్నారు.”

“ఎవరో అంటే రాసుకోడానికి కుదరదు. నియమం ప్రకారం...” అని ఆమె పెన్ను తీసింది. వింత చూడ్డానికి వచ్చిన హెడ్మాస్టరు మీసాల చాటున నవ్వుకున్నాడు.

“ఆగండి!”

కోటు ఎగరేసుకుంటూ డేగకన్ను వచ్చాడు. ఒక చేతిలో గొలుసు, రెండో చేతిలో గాట్లున్న మేకు.

“మీ మధ్యనే, మర్యాదస్తుడి ముసుగులో, ఒక మేకుల మాంత్రికుడు నిలబడి ఉన్నాడు! హెడ్మాస్టరు గారూ, మీ ఇంట్లో పటకారు ఉందా లేదా?”

“ఉంది. టీగిన్నె దించుకోడానికి.”

“నేరం ఒప్పుకున్నాడు, రాసుకోండి!”

“ఒరేయ్, నోరు ముయ్యరా,” అన్నాడు సర్వేయరు పళ్లు నూరుతూ.

“నోరు మూస్తే న్యాయం మూగబోతుంది బావా!” అంటూ డేగకన్ను మేకును ఆకాశంలోకి ఎత్తి, ఠీవిగా ఒకడుగు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు వేశాడు. మూడో అడుగుకి, ఎండిపోయిన పాత పడవల కొలను గట్టు మోకాలి వెనక తగిలి, కాళ్లు పైకీ తల కిందికీ అయి మాయమైపోయాడు.

లోపల ఎండుటాకులు కసకసలాడాయి. కాసేపటికి సన్నగా గొంతు వినబడింది.

“బావా... వీపులో ఏదో గుచ్చుకుంటోంది. ఒకటి కాదు, చాలా ఉన్నాయి.”

అందరూ గట్టు మీంచి తొంగి చూశారు. ఆకుల్లో డేగకన్ను వెల్లకిలా పడి ఉన్నాడు. అతని కింద ఎర్ర రిబ్బన్లతో సహా మేకులన్నీ గుట్టగా ఉన్నాయి.

“కేసు తేల్చేశా!” అన్నాడు కింది నుంచే.

సర్వేయరు చూపు అతని చేతిలోని గొలుసు మీద పడింది. దాని చివర కుక్క లేదు.

“దొరగారేరిరా?”

“గొలుసు ఇక్కడే ఉంది బావా! రోజూ దాని మెడలోంచి తీసి నేనే జాగ్రత్తగా పట్టుకుంటా. లాగుతుంటే కునుకు... అదే, ఏకాగ్రత కుదరదు.”

అప్పుడే పచ్చిక మీద దొరగారు కనబడింది. నోట్లో కొత్తగా పీకిన మేకు, గాలికి ఎగిరే ఎర్ర రిబ్బను. వెనక కాలు ఒకటి రెండుసార్లు తడబడింది, అయినా చెవులు వెనక్కి వాల్చి కుక్కపిల్లలా పరిగెత్తుకొచ్చింది. పూర్వం పడవలు దించే వాలుదారి గుండా కొలనులోకి దిగి, మేకును గుట్ట మీద పెట్టి, కమిటీ వైపు చూసి తోక ఊపింది. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారు. దొరికాక కూడా దొరలాగే నిలబడింది.

తన పరువు, ఫైలు రెండూ పోయాయని సర్వేయరుకి తెలుసు. అయినా అతనికి పట్టలేనంత సంతోషం కలిగింది.

అధ్యక్షురాలు మాత్రం కుక్కను వదిలేసి కొలను చూస్తోంది.

“ఇందులో నీళ్లెప్పుడు పోశారు?”

“పన్నెండేళ్లయిందమ్మా.”

“లోపల నడుము లోతు. చుట్టూ గట్టుంది. దిగడానికి ఒక్కటే దారి. బెంచీలూ లేవు. మరి కుక్కలకి ఇదివ్వక, బయట కంచె ఎందుకు గీశారు?”

సర్వేయరు చేతిలోని ప్లాను చూసుకున్నాడు. కొలను ఇంకా నీలం రంగులో ఉంది. మూడేళ్లుగా ఆఫీసులో ఎవరూ ఆ నీలం దాటి ఆలోచించలేదు. తను కూడా అంతే, దీని పక్కనే నిలబడి మేకులు కొట్టాడు.

“కాగితం మీద అది నీళ్లమ్మా,” అన్నాడు సిగ్గుపడుతూ.

“నా బెంచీల జోలికి రాకపోతే,” అన్నాడు హెడ్మాస్టరు, “కుక్కలు ఈత కొట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు.”

అక్కడికక్కడే సభ్యులు ఓటుకు చేతులెత్తారు. వాలుదారికి ఒక్క గేటు పెడితే చాలని తీర్మానం రాసుకున్నారు.

నెల తర్వాత గేటు తెరిచారు. డేగకన్ను కొత్త విజిటింగ్ కార్డులు అచ్చు వేయించి కుక్కలకి తప్ప అందరికీ పంచాడు. సర్వేయరు గేటు దగ్గర వంగి, దొరగారి మెడలో కొక్కెం విప్పాడు. అది ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి దూకింది.

“మీ కుక్క ఏదండీ?” అని అడిగింది అధ్యక్షురాలు, పరిగెత్తుతున్న గుంపులో వెతుకుతూ.

సర్వేయరుకి కళ్లు మసకబారి తనకే సరిగ్గా కనబడలేదు. ఖాళీ గొలుసు ఎత్తి చూపించాడు.

“గొలుసు మాత్రం వదల్లేదమ్మా,” అన్నాడు.