తొమ్మిదేళ్ల తేడా

ఆ సోమవారం పొద్దున్న కుటుంబరావు వేసుకున్న పథకం చిన్నదే. జగ్గయ్యపేటలో ఏడింటి బస్సెక్కాలి, చిల్లకల్లులో సాక్ష్యానికి అక్కయ్యను ఎక్కించుకోవాలి, నందిగామలో తన వయసు రెండేళ్లు పెంచుకుని భోజనం వేళకు ఇల్లు చేరాలి.

పాతికేళ్లుగా ఆయన లోయర్ డివిజన్ గుమాస్తా. అప్పర్ డివిజన్ కావాలంటే అకౌంట్స్ పరీక్ష ప్యాసవ్వాలి. పుస్తకాలు చూసి రాయొచ్చన్న రోజుల్లో ఆయనకు పేజీ దొరికేలోపే గంట కొట్టేవారు. పదిసార్లు తప్పి, ఏ రూలు ఏ పేజీలో ఉందో వేళ్లకు అలవాటయ్యేసరికి పుస్తకాలు తేకూడదన్నారు. ఇప్పుడు, 1982 చివర్లో, యాభై నిండినవాళ్లకు అసలు పరీక్షే అక్కర్లేదని ఉత్తర్వు వచ్చింది. కుటుంబరావుకు నిజంగా యాభై నిండాయి. రికార్డులో మాత్రం నలభై ఎనిమిదే. రెండేళ్లు ఎక్కువ ఉద్యోగం చేసుకుంటాడని చిన్నప్పుడు బడిపంతులు ప్రేమకొద్దీ తగ్గించి రాశారు.

నందిగామలో ఉన్నది ఒకటే ఖాళీ. పరీక్ష మొదటిసారే ప్యాసైన సాటి గుమాస్తా ప్రమీలారాణి కూడా దానికోసమే కాచుకుని ఉంది.

"చంటిపిల్లని ఒళ్లో వేసుకుని చదివానండీ. నేను ప్యాసయినందుకూ, మీరు ముసలాళ్లయినందుకూ ఒకటే పోస్టా?" అని ముఖంమీదే అడిగింది.

"రూలు నేను రాయలేదు గదమ్మా," అన్నాడు గాని, ఆ పూట ఆయనకు అన్నం సయించలేదు.

బస్సులో అక్కయ్య ప్రసూనాంబకు పాఠం చెప్పాడు. "నీకు యాభై మూడు, నాకు యాభై. మూడేళ్లు తేడా. అంతే చెప్పు."

"నిన్ను చంకనేసుకుని తిరిగినదాన్ని. నాకు తెలీదట్రా?" అంది ఆవిడ.

వయసు విచారణ చేసే గుమాస్తా వీరరాఘవయ్య ఆవిణ్ణి చూడగానే, "పింఛను ప్రసూనాంబగారు కదూ! కూర్చోండమ్మా," అన్నాడు. కుటుంబరావుకు అప్పుడు గుర్తొచ్చింది. నిరుడు అక్కయ్య నెరిసిన జుట్టే సాక్ష్యంగా, ఈ వీరరాఘవయ్య చేతిమీదుగానే వృద్ధాప్య పింఛను రాయించుకుంది. దానికి అరవై అయిదు నిండాలి.

"మీ వయసు చెప్పండమ్మా."

ప్రసూనాంబ తమ్ముడి వంక చూడలేదు. "అరవై ఆరు నాయనా."

"మరి మీ తమ్ముడు?"

"నాకంటే మూడేళ్లు చిన్న."

వీరరాఘవయ్య కలం ఆగిపోయింది. "అరవై మూడా? అంటే మీరు రిటైరయి అయిదేళ్లయిందండీ!"

"మూడు కాదండీ, పదహారు! పదహారేళ్లు తేడా!" అని అరిచాడు కుటుంబరావు.

ఆ మాటకు అక్కయ్యకు రోషం వచ్చింది. "నాకు పదేళ్లప్పుడే అమ్మ పోయింది. మరి నిన్నెవరు కన్నార్రా?"

గదిలో అందరూ నవ్వారు. కుటుంబరావు ఆవిణ్ణి పక్కకు లాగి, "నీ వయసు తగ్గించు అక్కయ్యా," అని బతిమాలాడు.

"నా పింఛను నువ్విస్తావా?"

ఇవ్వలేడు. అమ్మ పరువూ అక్కయ్య పింఛనూ రెండూ నిలబడాలంటే తేడా తొమ్మిదేళ్లకు మించడానికి వీల్లేదు. అరవై ఆరులో తొమ్మిది పోతే యాభై ఏడు. అదే రాయమన్నాడు.

"వయసు తగ్గించమనేవాళ్లనే చూశానండీ. పెంచమన్నది మీరొక్కరే," అంటూ వీరరాఘవయ్య ముద్ర కొట్టాడు.

రెండేళ్లు అడగబోతే తొమ్మిదేళ్లు మీద పడ్డాయి. యాభై ఎనిమిదికి రిటైర్మెంటు. అంటే మిగిలింది ఒక్క ఏడాది. తిరుగు బస్సులో కుటుంబరావుకు ఏడుపొచ్చింది. ఆ ఒక్క ఏడాదైనా అప్పర్ డివిజన్ కుర్చీలో కూర్చుంటే చాలనుకుని కళ్లు తుడుచుకున్నాడు.

జనవరి నెలాఖరున ప్రమోషను వచ్చింది. ప్రమీలారాణి తన పరీక్ష ప్యాసయిన కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

నందిగామ కుర్చీలో కూర్చుని పట్టుమని పదిరోజులు కాలేదు, ప్రభుత్వం రిటైర్మెంటు వయసును యాభై ఎనిమిది నుంచి యాభై అయిదుకు దించేసింది.

"నాకు యాభయ్యేనండీ! అమ్మతోడు!" అంటూ ఆఫీసరు వరప్రసాదరావు కాళ్లావేళ్లా పడ్డాడు కుటుంబరావు.

ఆయన విచారణ కాగితం తీసి చూపించారు. "మీరు కోరి తెచ్చుకున్నదే గదండీ."

ఆ కుర్చీ ప్రమీలారాణికి వెళ్లింది. ఫిబ్రవరి ఆఖరున వీడ్కోలు సభలో వరప్రసాదరావుగారు కుటుంబరావు మెడలో దండ వేసి, యాభై ఏడేళ్లొచ్చినా మనిషి చూడ్డానికి అచ్చం యాభై ఏళ్లవాడిలాగే ఉన్నాడని మెచ్చుకున్నారు.