పాతరకు రాజ్యాంగం

మావారి విషయంలో నా ఫిర్యాదు ఒక్కటే. ఇంత మేధావిని ఈ దేశం ఆత్మకూరులో ఎందుకు వదిలేసింది? ఢిల్లీలో రాజ్యాంగం రాసే సభలో కూర్చోవలసిన ప్లీడరు! అక్కడి నుంచి పిలుపు రాకపోయేసరికి మా ఇంటికి రాజ్యాంగం రాశారు.

నవ్వకండి. ప్రతిదీ జనాన్ని నేరుగా అడిగితే రాజ్యం నిలుస్తుందా? అమెరికాను కట్టిన పెద్దలకూ ఇదే భయమట. జనానికి ఆవేశం ఎక్కువ, ఓపిక తక్కువ. అందుకని కింది సభను మాత్రం జనం చేతికిచ్చి, పై సభను రాష్ట్రాల శాసనసభలకూ, ప్రెసిడెంటు ఎన్నికను మరికొందరు పెద్దలకూ అప్పగించారు. మన ఢిల్లీ సభ మాత్రం? మనం ఓటేసినవారు ఓటేస్తే వచ్చింది. ఆ మొదటి ఓటైనా మనలో కొందరికే ఉంది. ఇన్ని జల్లెళ్ళు పట్టాక మిగిలేది జ్ఞానం కాక మరేమిటి?

మా ఇంట్లోనూ అంతే. అత్తగారు గురమ్మ, తోడికోడలు ఈరక్క, నేను కలిసి ఒక ప్రతినిధిని ఎన్నుకోవాలి. ప్రతినిధి మగవాడై ఉండాలి. కాబట్టి మరిది కంబన్న ఏకగ్రీవం. కంబన్న ఇంటి అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలి. అన్నను కాదని ఎవరిని ఎన్నుకుంటాడు పాపం? మా అభిప్రాయాలు కంబన్నకు చెబితే, అతను వాటిని వడగట్టి అన్నకు చేరవేస్తాడు. నేను బి.ఏ. చదివినదాన్ని గనుక ఇందులోని అందం నాకు వెంటనే బోధపడింది.

అంతలో జొన్నల పాతర సంగతి వచ్చింది. పెరట్లో గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, ఇంటిల్లిపాదికీ ఏడాది సంగటికి సరిపడా జొన్నలు పోసి, పైన మట్టి కప్పాం. ఎండలకు ఆ కప్పు బీటలు వారింది.

"మోడం కమ్ముకుంటాండాది నాయనా. పాతరలోకి నీళ్ళు దిగుతాయి. ఈ పొద్దే తీయాల" అన్నారు అత్తగారు.

"నాకు నేరుగా చెప్పకూడదమ్మా. కంబన్నకు చెప్పు."

"వాడు యాడుండాడు? నంద్యాల ఎద్దుల సంతకు పాయె గదా."

"వచ్చినాక చెబుదువులే."

"వానకు గూడా చెప్పు మరి, వాడు వచ్చినాక రమ్మని."

ఈరక్క పార తెచ్చింది. మావారు వెళ్ళి పాతర మీద నిలబడ్డారు. ఇది మూక పాలన అన్నారు. ఎంత నిగ్రహం! ఆ పూట ఆయన దిగి ఉంటే జొన్నలు దక్కేవి, రాజ్యాంగం తడిసిపోయేది.

సాయంత్రం కుండపోత. మూడు రోజులు ముసురు విడవలేదు. నాలుగో నాడు కంబన్న తడి తలగుడ్డతో వచ్చాడు. మా అభిప్రాయం విన్నాడు, అన్నకు విన్నవించాడు. సభ కూర్చుంది. పాతర తీయాలని ఏకగ్రీవంగా తీర్మానించింది.

తీశారు. జొన్నలు ఉబ్బి, మొలకెత్తి, పెరడంతా కుళ్ళు కంపు. గేదె సైతం మూతి తిప్పుకుంది.

కోట్లమందిని అడగడం కష్టమే, నేనూ ఒప్పుకుంటాను. కానీ మేం ముగ్గురం. ఒకే వంటింట్లో ఉంటాం. వాకిట్లో నిలబడి పిలిస్తే వినిపిస్తుంది.

మావారు గొంతు సవరించుకున్నారు. "పొరపాటు జరిగింది."

"దానంతట అదే నడిచొచ్చిందా?" అన్నారు అత్తగారు.

"సభ వల్ల జరిగింది."

"సభలో ఎవరెవరుండారప్పా?"

"నేనూ, కంబన్నా."

"వాడు నంద్యాలలో ఉండె."

కంబన్న రెండడుగులు వెనక్కి జరిగాడు. మావారు మొలకెత్తిన జొన్నలు గుప్పెడు తీసి చూసుకున్నారు.

"తప్పు నాదేమ్మా" అన్నారు చివరికి, ముగ్గురికీ వినబడేలా. "నువ్వు చెప్పినప్పుడే ఇనాల్సింది. వీళ్ళిద్దర్నీ గూడా అడగాల్సింది."