పరిణతి చెందిన అడవిపంది

ఒక పెద్ద అడవిలో, అంటే పెద్దదని అందులో ఉండేవాళ్ళే చెప్పుకునే అడవిలో, ఉరుముల మేళం అని ఒక బృందం ఉండేది. వాళ్ళు చేసేదాన్ని పాట అనాలా, గోల అనాలా అన్న విషయంలో అడవిలో ఎప్పుడూ రెండు పక్షాలే.

అరిచేవాడు గవరయ్య అనే అడవిపంది. ఎండిన టేకు మాను మీద ముక్కుతో దరువు వేసేది సూరమ్మ అనే వడ్రంగిపిట్ట. ఒంటి మీది ముళ్ళు ఝళిపించి చెవులు చిల్లులు పడే మోత పుట్టించేవాడు అప్పన్న అనే ముళ్ళపంది. ముగ్గురూ పడుచుతనంలో కలిశారు. అప్పటినుంచీ ఒకే వేగం, ఒకే గోల.

వానలు వెలిశాక ఏటి ఒడ్డున చవుటినేల మీద వాళ్ళ కచేరీ జరిగేది. అడవిదున్నలు మందలు మందలుగా వచ్చేవి. ఆ పాట కూర్చుని వినేది కాదు. ఊపందుకోగానే పక్కవాడితో తల కలిపి కుమ్ముకోవాలి. పడ్డవాణ్ణి పడేసినవాడే లేపి, దుమ్ము దులిపి, మళ్ళీ కుమ్మాలి. ఈ మర్యాద తప్పినవాణ్ణి మరుసటేడు రానిచ్చేవారు కాదు. అడవిలో పెద్దమనుషులు నడిపే వనకళా మండలి సంగీత సభల్లో కూడా ఇంత మర్యాద ఉండేది కాదు.

ఒక ఏడు కచేరీకి ముందు సాధన చేస్తున్నారు. పాట వాళ్ళకు పేరు తెచ్చిన 'బండ పగల'. అసలు కేక దగ్గరికి రాగానే గవరయ్య నోరు తెరిచాడు. గాలి వచ్చింది గాని కేక రాలేదు.

"ఏమైనా అడ్డుపడిందా బావా?" అన్నాడు అప్పన్న.

"వయసు అడ్డుపడింది," అంది సూరమ్మ. "ఎందుకు దాచుకోవడం? నాలుగు దరువులు వేస్తే నాకు తల తిరుగుతోంది. నీ ముళ్ళు సగం రాలిపోయాయి. ఇక అన్నయ్య గొంతు, అదిగో."

గవరయ్యకు ఏడుపొచ్చింది. అరవడం తప్ప అతనికి ఇంకో విద్య రాదు. అరవలేని రోజున తాను దుంపలు తవ్వుకు తినే మామూలు పంది. ఆ మాట తనకు తానే చెప్పుకున్నాడు. చెప్పుకున్నాక అది నిజమని తోచి ఇంకాస్త ఏడ్చాడు.

మేళం వ్యవహారాలు చూసేవాడు పరిమళరావు అనే పునుగుపిల్లి. ఏ కంపునైనా సువాసన అని ఒప్పించగల దిట్ట. సంగతి విని అతను ఏమాత్రం కంగారుపడలేదు.

"ముసలితనం అన్న మాట మన నోట రాకూడదు. పరిణతి అనాలి."

"రెండింటికీ తేడా ఏమిటయ్యా?" అంది సూరమ్మ.

"మొదటిదానికి జాలిపడతారు. రెండోదానికి సన్మానం చేస్తారు."

అలా కొత్త పాటలు తయారయ్యాయి. వేగం సగానికి తగ్గింది. అరుపులు పోయి కూనిరాగాలు వచ్చాయి. మంచుబొట్టు మీద ఒకటి, తామరాకు మీద ఒకటి, ఏకాంతం మీద రెండు. గవరయ్య జన్మలో ఏకాంతంగా ఉండి ఎరగడు, బురదగుంటలో కూడా పదిమంది ఉండాల్సిందే. అయినా ఆ పాట పాడుతున్నప్పుడు కళ్ళు మూసుకునేవాడు.

వార్తలు మోసే కొండముచ్చులు వచ్చి అడిగాయి. "అరుపులు మానేశారట, నిజమేనా?"

"అరవడం ఎవడైనా అరుస్తాడు," అన్నాడు గవరయ్య. "అరవకుండా ఉండటానికే సాధన కావాలి."

ఆ మాట తనకే ఎంతో నచ్చింది. కొండముచ్చులు వెళ్ళాక మళ్ళీ ఒకసారి పైకి అనుకున్నాడు. ఈసారి అంతగా నచ్చలేదు.

కచేరీ రోజు వచ్చింది. దున్నలు మెడలు విరుచుకుని సిద్ధంగా నిలబడ్డాయి. గవరయ్య మంచుబొట్టు పాట ఎత్తుకున్నాడు. తలలు వంచిన దున్నలు వంచినట్టే ఉండిపోయాయి. ఈ పాటకు తల ఏం చేయాలో వాటికి తెలియలేదు. ఒక కుర్ర దున్న పొరపాటున పక్కవాణ్ణి కుమ్మి, సిగ్గుపడి, "క్షమించండి" అంది. ఆ చవుటినేల మీద ఆ మాట ఎవరూ ఎన్నడూ విని ఉండలేదు.

మందకు పెద్ద మల్లుదొర ముందుకొచ్చాడు. "గవరయ్యా, నీ పాటకి మా నాన్న కొమ్ము విరగ్గొట్టుకున్నాడు. ఇంట్లో ఇప్పటికీ దాచుకున్నాం. ఇవాళ్టి నీ పాట విని దాన్నేం చేసుకోమంటావు?"

"ఇది పరిణతి మల్లన్నా."

"అయితే నువ్వే పండు. మేం పచ్చిగానే ఉంటాం."

మంద వెళ్ళిపోయింది. మిగిలిన ఒకటీ అరా కుందేళ్ళు కూడా ఉన్నట్టుండి మాయమయ్యాయి. అవెందుకు పోయాయో గవరయ్యకు అర్థమయ్యేసరికి, రెల్లుగడ్డి పక్కకి తొలగించుకుని పులి వచ్చి ఎదురుగా కూర్చుంది.

సూరమ్మ మాను చివరికి ఎగిరింది. అప్పన్న ఉన్న ముళ్ళు నిక్కబొడిచి బంతిలా చుట్టుకున్నాడు. పరిమళరావు ఉన్న చోట వాసన మాత్రం మిగిలింది.

"ఆపావేం? బాగుంది, పాడు," అంది పులి. "ఏళ్ళ తరబడి ఈ ఒడ్డున ఎవరో బండలు కొట్టేవాళ్ళు. ఆ చప్పుడు వింటే తల పగిలిపోయేది, ఏరు దాటి ఇటు రాబుద్ధి అయ్యేది కాదు. ఈ ఏడు ఆపినట్టున్నారు."

తన జీవితకాలపు కళ గురించి ఇంత సూటి విమర్శ గవరయ్య ఎప్పుడూ వినలేదు. కోపం రావాల్సింది. "అవును దొరా, ఎవరో బండలు కొట్టేవాళ్ళు," అన్నాడు, తోక ముడుచుకుని.

పాట విన్నంతసేపూ పులికి ఆకలి గుర్తుకు రాలేదు. వెళ్తూ వెళ్తూ, ఏరవతల వేట ముగించుకుని రోజూ పొద్దువాలే వేళకు వస్తానంది. పాట లేకపోతే మాత్రం వేట కూడా ఈ ఒడ్డునే చేసుకుంటానంది.

తమ గోలే ఇన్నేళ్ళూ పులిని అవతల ఆపిందని మేళానికి అప్పుడు తెలిసింది. "కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది," అంది సూరమ్మ.

మర్నాడే వనకళా మండలి సమావేశమైంది. ఉరుముల మేళం మోతకు గుడ్లు చెడిపోతున్నాయని ఏటేటా తీర్మానం చేసే మండలే అది. అధ్యక్షుడు నెమలి ఈసారి గవరయ్యకు 'మృదుగాన వరాహ' బిరుదు ఇచ్చి, పూలమాల వేసి, రోజూ సాయంత్రం పులిగారికి తప్పకుండా పాడాలని ఆజ్ఞాపించాడు. తాము మొదటినుంచీ ఈ మేళానికి వీరాభిమానులమని జింకలు చెప్పుకున్నాయి. చెబుతూ వెనక్కి వెనక్కి జరిగాయి.

గవరయ్య రోజూ పాడాడు. ఎన్నడూ రాని మెప్పు వచ్చింది, మాల వచ్చింది, మొదటి వరుసలో పులి వచ్చింది. మెప్పు కావాలని ఏడ్చిన తన మొహాన్ని నీళ్ళలో చూసుకుని, "చాలా, ఇంకా కావాలా?" అని అడిగేవాడు. దున్నలు మాత్రం ఎదుటి గుట్ట మీద మేస్తున్నట్టు నటిస్తూ రోజూ చెవులు ఇటే పెట్టేవి. ఏదో ఒక రోజు నోరు జారి పాతది పాడకపోతాడా అని వాటి ఆశ.

ఒక సాయంత్రం పులి ఆవులించింది. "తామరాకు చాలుగానీ, నీ పాత పాటలు ఇంకా బాగుండేవట కదా. చెట్ల మీద కొండముచ్చులు అనుకుంటున్నాయి. ఒకటి అందుకో."

"అవి తమరి స్థాయికి తగవు దొరా."

"పాడమన్నాను."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పాడకపోతే పులికి కోపం. పాడదామంటే గొంతు లేదు. ఆ గొంతు లేదన్న సంగతి ఇవాళ అడవంతటికీ తెలిసిపోతుంది. చావుకన్నా దీనికే ఎక్కువ భయపడుతున్నానని తెలిసి గవరయ్య తనమీద తానే విసుక్కున్నాడు. అప్పన్న ముళ్ళు కదిపాడు. సూరమ్మ తల తిరుగుతున్నా పాత దరువు వేసింది. గవరయ్య నాలుగు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి నోరు తెరిచాడు.

"బండ..."

అంతే. ఆ తర్వాత గాలి.

గుట్ట మీద దున్నలు మేత వదిలి తలలెత్తాయి. తర్వాత మల్లుదొర గొంతు వినిపించింది. "పగల!"

మంద మొత్తం అందుకుంది. పాట అందుకోవడంతో ఆగితే అవి దున్నలెందుకవుతాయి? పద్ధతి ప్రకారం తలలు వంచి, గుట్ట దిగి, చవుటినేల మీదికి ఉరికాయి. వాటి లెక్కలో ఎదురుగా కూర్చున్న పులి కూడా కచేరీకి వచ్చిన ప్రేక్షకుడే. దాన్నీ కుమ్మాయి. పడగానే లేపాయి. దుమ్ము దులిపాయి. మళ్ళీ కుమ్మాయి.

మూడోసారి లేపబోతుంటే పులి చెవులు వెనక్కి వాల్చుకుని ఏట్లో దూకింది. బండలు కొట్టేవాళ్ళెవరో దానికి ఇప్పుడు తెలిసింది. మళ్ళీ ఆ ఒడ్డుకు రాలేదు.

గవరయ్య నోరు ఇంకా తెరిచే ఉంది. మల్లుదొర అతన్ని కూడా ఒక్క కుమ్ము కుమ్మి, లేపి, దుమ్ము దులిపి కళ్ళు తుడుచుకున్నాడు. "అదే కేక గవరయ్యా. అణువంతైనా తగ్గలేదు."

తాను ఒక్క మాట కన్నా ఎక్కువ పాడలేదని గవరయ్యకు తెలుసు. చెప్పేద్దామనే అనుకున్నాడు. ఈలోగా వాసన ముందు, పరిమళరావు వెనక వచ్చారు. కొండముచ్చులు చుట్టూ మూగి, పరిణతి ఏమైందని అడిగాయి.

"దాని తర్వాతి మెట్టు," అన్నాడు పరిమళరావు. "మూలాలకు తిరిగి రావడం."

గవరయ్య గొంతు సవరించుకున్నాడు. పైన సూరమ్మ అతనేమంటాడా అని తల వంచి చూస్తోంది.

"అవును," అన్నాడు. "మూలాలకు."

నీతి: గొంతు పోయిన గాయకుడు నోరు తెరిస్తే చాలు, అరవడం సంగతి అభిమానులు చూసుకుంటారు.