కొటేషన్లలో పెట్టి వెతకండి

మూడు రోజుల్లో లెక్చరర్లందరికీ సెర్చ్ ఇంజిన్‌లో వెతకడం వచ్చి తీరాలని, పరిశోధన పరుగులు పెట్టాలని విద్యామంత్రిగారు ప్రకటించారు. శిక్షణ ఇచ్చే భాగ్యం నాకు దక్కింది. పద్దెనిమిదేళ్లుగా లెక్చరర్‌గానే మిగిలిపోయాను. ఇది సవ్యంగా జరిగితే ప్రిన్సిపాల్ పోస్టు నాదేనని సెక్రటరీగారు చెవిన వేశారు.

ఇంతకీ నా అర్హత ఏమిటంటే, మంత్రిగారి డాక్టరేట్ థీసిస్ రాసింది నేనే. రాశానంటే, మా మామగారి పాత థీసిస్‌ను అలమారలోంచి తీసి మళ్లీ టైపు చేయించాను. యూనివర్సిటీ వాళ్లు పాతవన్నీ స్కాన్ చేసి నెట్‌లో పెడతారని అప్పుడు నాకెవరు చెప్పారు?

మొదటిరోజు మంత్రిగారు ముందు వరుసలో కూర్చున్నారు. అక్కర్లేని మాట ముందు మైనస్ గుర్తు పెడితే అది ఫలితాల్లో రాదని చెప్పాను. ఆయన వెంటనే ప్రతిపక్షం ముందు మైనస్ పెట్టించి చూసి, ఎంతో తృప్తిపడ్డారు. ఆ ఊపులో, ఒక వాక్యం అచ్చం అలాగే ఎక్కడుందో కావాలంటే కొటేషన్లలో పెట్టి వెతకాలన్నాను. నా నోరు ఊరుకోదు.

"అయితే నా థీసిస్‌లోది ఒకటి కొట్టవయ్యా, అందరూ చూస్తారు."

"సార్, నెట్ కొంచెం స్లోగా..."

"కొట్టు."

కొట్టాను. తెరమీద రెండు ఫలితాలు వచ్చాయి. ఒకటి మంత్రిగారిది. రెండోది మా మామగారిది, ముప్ఫై ఏళ్ల ముందుది.

మంత్రిగారు కళ్లజోడు సవరించుకున్నారు. "చూశారా! నా ఆలోచన ఎంత గొప్పది కాకపోతే ముప్ఫై ఏళ్ల ముందే కాపీ కొట్టేస్తారు!"

చప్పట్లు మోగాయి. మొదట కొట్టింది నేనే.

ఆ దొంగకు నోటీసు పంపమని ఆయన అక్కడికక్కడే ఆజ్ఞ వేశారు. ప్రిన్సిపాల్ హోదాలో నా మొదటి సంతకం దానిమీదేనని సెక్రటరీగారు అభినందించారు.

ఇంటికి వెళ్లేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. "ప్రిన్సిపాల్ అయ్యారటగా! నాన్నకు ఫోన్ చేసి చెప్పనా?"

"వద్దులే. నేనే రాతపూర్వకంగా తెలియజేస్తాను."

కాపీ కొట్టినవాళ్లకు పంపే నోటీసు ఎలా ఉంటుందో సెర్చ్‌లో వెతికాను. మొదట వచ్చినదాన్నే తీసుకుని, మామగారి పేరు వేసి, సంతకం పెట్టి పంపేశాను.

నాలుగోరోజు కొత్త కుర్చీలో కూర్చుని ఉండగా ఆయన ఫోన్ చేశారు.

"అల్లుడుగారూ, నోటీసు అందింది. భాష బ్రహ్మాండంగా ఉంది. ఇది ఎవరిది?"