చీటీ లేనిదే షట్టరెత్తరు

ప్రపంచంలోకెల్లా భద్రమైన కంప్యూటరు ఎక్కడుందని ఎవరైనా అడిగితే, పాలకొల్లుకి పది కిలోమీటర్ల దూరంలో, కొబ్బరిమెరక నీటి సంఘం ఆఫీసులో, నా బల్ల మీద ఉందని సవినయంగా మనవి చేసుకుంటాను. దాన్నిప్పుడు ఎవరూ తెరవలేరు. నేను కూడా.

సంఘం కార్యదర్శిగా ఈ భద్రత వెనక నా కృషి చాలా ఉంది. దాళ్వాకి, అంటే రెండో పంటకి, కాలువ నీళ్ళు వంతులవారీగా వదులుతారు. ఏ రైతు వంతు ఏ రోజో ఆ కంప్యూటరులోనే ఉంటుంది. అందుకని నిరుడు రాజమండ్రిలో మాకు ఒక శిక్షణ ఇచ్చారు. తయారుచేసిన కంపెనీకే తెలియని కన్నంలోంచి దొంగ దూరితే దాన్ని జీరో డే దాడి అంటారట. కన్నం ఉందనే తెలియదు కనుక ముందుగా పూడ్చే వీలు లేదు. కాబట్టి నాలుగు జాగ్రత్తలు చెప్పారు. వివరాల నకలు వేరేగా దాచుకోవాలి. అప్‌డేట్ వచ్చిన రోజే వేసుకోవాలి. నోటిమాట మీద పని చేయకూడదు. నాలుగోది భోజనాలయ్యాక చెప్పారు (భోజనం చాలా బాగుంది).

తిరిగొచ్చి మొదటి మూడూ అక్షరాలా అమలు చేశాను. నకలు పెన్‌డ్రైవులోకి తీసి, ఎక్కడైనా పోతుందేమోనని అదే కంప్యూటరుకి గుచ్చి ఉంచాను. అప్‌డేట్ల మీద నిర్ణయానికి ఉపసంఘం వేశాం. అది నాలుగు నెలల్లో రెండుసార్లు సమావేశమై టీ తాగింది. మూడో జాగ్రత్త మాత్రం పూర్తిగా నా స్వంత రచన: ‘కంప్యూటరులోంచి ముద్రించిన చీటీ లేనిదే షట్టరెత్తరాదు. నోటిమాట, చేతిరాత చెల్లవు.’ దాన్ని లామినేషన్ చేయించి మా లస్కరు లోవరాజుకి ఇచ్చాను. కాలువ షట్టర్లు ఎత్తేదీ దించేదీ అతనే. పాతికేళ్ళుగా అందరి వంతులూ అతనికి కంఠతా వచ్చు. అలా కంఠతా రావడమే పెద్ద ప్రమాదమని అతనికి అరగంట సేపు వివరించాను.

“ఆయ్” అన్నాడు లోవరాజు.

ఫిబ్రవరిలో ఒక సోమవారం, మా ప్రెసిడెంటు జగన్నాథరావు గారి నెంబరు నుంచి వాట్సాప్‌లో గృహప్రవేశ ఆహ్వానం వచ్చింది. ముక్కూమొహం తెలియనివాళ్ళు పంపినవి తెరవద్దన్నారు గాని, ప్రెసిడెంటు గారి ముక్కూమొహం నాకు బాగా తెలుసు. పైగా పిలిచాక చూడనైనా చూడకపోతే మాటొస్తుంది. పెద్ద తెర మీద చూస్తే గౌరవంగా ఉంటుందని ఆఫీసు కంప్యూటరులో తెరిచాను. తెర నల్లబడి, ఇంగ్లీషులో ఏదో రాసింది. ముహూర్తం చదవలేకపోయానని నొచ్చుకుని ఆయనకే ఫోన్ చేశాను.

“గృహప్రవేశం ఏ తారీకండి?”

“ఎవరిదండి?” అన్నారాయన.

అప్పుడు అనుమానం వచ్చింది.

మర్నాడు కంప్యూటరు ఇంజనీరు ఎజ్రా గారు వచ్చి చూసి, ఇది కంపెనీకి కూడా తెలియని కన్నమేనన్నారు. లోకంలో మొట్టమొదట దెబ్బతిన్న కొద్దిమందిలో కొబ్బరిమెరక ఒకటని విని, దాచడమెందుకు, కాస్త గర్వంగానే అనిపించింది. వంతుల వివరాలన్నిటికీ తాళం పడింది, గుచ్చి ఉంచిన నకలుతో సహా.

“మిషను ఆగిపోతే చేత్తో నడుపుకునే ఏర్పాటు ఉండాలండి. ట్రైనింగులో చెప్పే ఉంటారు కదా” అన్నారాయన.

చెప్పే ఉంటారు, భోజనాలయ్యాక.

బుధవారం దాకా చీటీలు ముందే తీసి ఇచ్చేశాను గనుక ఇబ్బంది లేకపోయింది. గురువారం సూరమ్మ గారు వచ్చారు. కాలువ చిట్టచివర, శివారులో ఆవిడది ఒక్క ఎకరం. చేను పొట్ట మీద ఉంది. ఇప్పుడు తడి అందకపోతే గింజ పట్టదు.

“ఇవాళ నా వంతండి. లోవరాజు చీటీ తెమ్మంటున్నాడు.”

లోవరాజు వెనకే నిలబడ్డాడు. “వంతు ఈవిడదేనండి. పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా. నాకు తెలుసండి.”

“నీకు తెలిస్తే చాలదు, చీటీ ఉండాలి” అన్నాను. అన్నాక నాకే సిగ్గేసింది.

“పోనీ మీ చేత్తో రాసివ్వండి బాబూ.”

“చేతిరాత చెల్లదండి.”

“ఎవరన్నారు?”

లోవరాజు జేబులోంచి లామినేషన్ కార్డు తీసి, కింద నా సంతకం చూపించాడు.

చేతిరాతను అనుమతించే అధికారం సంఘం కమిటీది. కమిటీని పిలవాలంటే వారం ముందు నోటీసివ్వాలి. నోటీసు నమూనా కంప్యూటరులో ఉంది. మిగతా రైతులు మురుగుకాలువకి ఇంజన్లు పెట్టుకుని ఎలాగో తడుపుకున్నారు. సూరమ్మ గారికి ఇంజను లేదు. నేను ఒక్క మాటంటే లోవరాజు షట్టరెత్తేసేవాడే. ఆ మాట అందామని రోజూ అనుకుంటూ, రోజూ సంతకం గుర్తొచ్చి మానుకున్నాను. పన్నెండో రోజున తీర్మానం అయింది. చీటీ రాసిచ్చాను, నీళ్ళు నిండుగా పారాయి. అప్పటికే వెన్నులు తెల్లబడి తాలుపోయాయి. ఆవిడ గట్టు మీద నిలబడి నీళ్ళకేసే చూశారు. తిట్టినా బాగుండునని నిజంగా అనిపించింది.

తర్వాత పై ఆఫీసు వాళ్ళు దాడి మీద నివేదిక పంపమన్నారు. ఫారంలో నష్టం కింద కంప్యూటరు, ప్రింటరు, యూపీఎస్ అని మూడే గడులున్నాయి. వస్తువులు మూడూ బల్ల మీదే ఉన్నాయి గనుక మూడింటికీ ‘లేదు’ అని రాశాను. సేవలు పునరుద్ధరించినట్టు ఒక రైతు సంతకం కూడా కావాలన్నారు. సూరమ్మ గారి చేతే పెట్టించాను. ‘నీళ్ళు అందాయా?’ అని అక్కడ ఒకటే ప్రశ్న. అందాయి. ఎప్పుడని అడిగే గడి లేదు.