దాలమ్మకు ప్రమాద పరీక్ష

దాలమ్మ పక్కన కూర్చుంటే ఆమె భర్తకు ఎంత తొందరగా మంట అంటుకుంటుందో తేల్చడానికి సాగరవాణి ఎరువుల కంపెనీ భద్రతా విభాగం మంగళవారం పొద్దున పరీక్ష ఏర్పాటు చేసింది. దాలమ్మ మీద ప్రత్యేకంగా అనుమానమేమీ లేదు. గోదాములోని బస్తాలన్నిటికీ ప్రమాద తరగతులు నిర్ణయించడం అయిపోయింది. విభాగంలో ఉద్యోగులు ఖాళీగా ఉన్నారు. ఖాళీగా ఉన్న ఉద్యోగిని మించిన ప్రమాదకర పదార్థం లేదని మేనేజరుకు అనుభవం మీద తెలుసు. అందుకని క్వార్టర్లలో కాపురముంటున్న వాళ్ళను కూడా వరుసగా పరీక్షిస్తున్నారు.

దాలమ్మ ఆక్సీకారి అవునా కాదా అన్నదే పరీక్ష. ఆక్సీకారి అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. అది తాను మండదు. పక్కనున్న దానికి ఊపిరి అందించి మండిస్తుంది. విడిగా పెడితే ఏళ్ళ తరబడి బుద్ధిగా పడి ఉంటుంది. మనుషుల్లోనూ అలాంటివాళ్ళు ఉన్నారని, ముఖ్యంగా పెళ్ళయినవాళ్ళలో ఉన్నారని, విభాగం పోయిన వేసవిలో కనిపెట్టింది. ఆ మంట వల్ల మనిషికి నష్టం లేదు. భుజాల మీద పచ్చగా లేచి, కాసేపు వెలిగి ఆరిపోతుంది. పైగా ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తింటాడు. కానీ కర్టెన్లు కంపెనీవి.

ప్రమాదకరం అని తేలితే ఆలుమగల మధ్య మూడు మీటర్ల దూరం, ఒక ఇటుక గోడ ఉండాలి. క్వార్టరు గది పొడవే అంత లేదు కాబట్టి భార్యను గోదాము వెనక బి-బ్లాకుకు మారుస్తారు. వడ్రంగి సన్నిబాబు భార్య అలాగే వెళ్ళింది. పరీక్ష గదిలో మొగుడి మీసం చూసి ఆవిడకు ఫక్కున నవ్వొచ్చింది, అంతే. ఇప్పుడు సన్నిబాబు క్యాంటీనులో తింటున్నాడు. ఆదివారాలు ఇద్దరూ గేటు దగ్గర చూసుకోవచ్చు, మధ్యలో కాపలా మనిషి నిలబడాలి.

దాలమ్మ భర్తది బాయిలరు దగ్గర పని. ఏళ్ళ తరబడి నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగిపోయాయి. మంచం దిగాలంటే ఆమె చెయ్యి పట్టుకోవాల్సిందే. ఆమె బెంగంతా అదే.

"నన్ను బి-బ్లాకుకి తోలేస్తే ఈయన్ని పొద్దున్న ఎవులు లేపుతారే?" అని ఎదురింటి ఎర్నమ్మ దగ్గర ఏడ్చింది.

"ఏడు తల్లీ, బాగా ఏడు. ఆయన్నీ ఏడిపించు. తడిసినోల్లు అంటుకోరంట" అంది ఎర్నమ్మ.

ఆ చిట్కా కాలనీలో అందరూ అప్పటికే వాడేశారు. అందుకే పరీక్షకు ముందు భర్తలను వెచ్చని గదిలో ఒక పూటంతా కూర్చోబెట్టి ఆరబెడుతున్నారు. కన్నీటి తేమ ఏమాత్రం మిగిలినా ఫలితం చెల్లదు. దాలమ్మ భర్తను ఆరబెట్టి బయటికి తెచ్చేసరికి అప్పడంలా ఉన్నాడు. ఆమె ప్రాణం ఉసూరుమంది. మంచినీళ్ళు ఇవ్వబోతే వద్దన్నారు.

పరీక్ష గదిలో ప్రమాణ దంపతులు అప్పటికే కూర్చుని ఉన్నారు. వీళ్ళు ప్రధాన కార్యాలయం ఉద్యోగులు, త్రివిక్రమం గారు, మందాకిని గారు. కాపురం ఎంత మండాలో సరిగ్గా అంతే మండుతుందని ముద్ర పడిన కాపురం వాళ్ళది. ఎక్కడ పరీక్ష జరిగినా రైలెక్కి వెళ్ళి పక్కపక్కన కూర్చుంటారు. పరీక్ష కోసం ఎర్రగా కాల్చిన తీగ తగలగానే త్రివిక్రమం గారి భుజం మీద అగ్గిపుల్లంత మంట లేస్తుంది. ఆయన పేపరు చదువుతూనే ఉంటారు, ఆవిడ బఠాణీలు ఒలుస్తూనే ఉంటుంది, మంట దానంతట అదే ఆరిపోతుంది. వాళ్ళకంటే జోరుగా మండే జంట ప్రమాదకరం. తక్కువ మండితే శుభం, ఒకే గదిలో నూరేళ్ళు ఉండొచ్చు.

దాలమ్మ, భర్త కొన్నాళ్ళుగా ఇంట్లో సాధన చేశారు. ఒకరి ముఖం ఒకరు చూడకుండా, కరెంటు ఆఫీసులో వంతు కోసం ఎదురుచూసే వాళ్ళలా కూర్చోవడం అలవాటు చేసుకున్నారు. ఆ సాధన ఊరికే పోలేదు. తీగ తగిలింది, ఆయన భుజం మీద సన్నగా పొగ లేచింది. దాలమ్మ కళ్ళు సీలింగు ఫ్యాను మీంచి తీయలేదు. పొగ ఆగిపోయింది.

"శభాష్! మీలాంటి జంటలుంటే మాకు పనే ఉండదు" అన్నాడు భద్రతాధికారి భానోజీరావు. ఆయన నిజానికి మెత్తని మనిషి. "ఇక పేరు రాసుకుంటే అయిపోయినట్టే. మీ ఆయన పేరు చెప్పమ్మా."

దాలమ్మ తల దించుకుంది. కాపురానికి వచ్చి ముప్పై ఏళ్ళు దాటినా ఆ పేరు ఆమె నోట రాలేదు. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని అమ్మమ్మ చెప్పింది. 'ఇదిగో', 'ఏటయ్యా', 'బుల్లెమ్మ నాన్న', వీటితోనే బండి నడిచిపోయింది. రేషను షాపులోనైనా ఆసుపత్రిలోనైనా పక్కవాళ్ళెవరో అందించేవారు.

"ఆయన్నే అడగండి బాబూ."

"ఆయన నమూనా కదమ్మా. నమూనా మాట్లాడకూడదు."

"ఎర్నమ్మకి తెలుసు."

"మీరే చెప్పాలి. లేదంటే పరీక్ష రద్దు, బి-బ్లాకు ఖాయం."

దాలమ్మ కొంగు సర్దుకుంది. తర్వాత భర్త వైపు తిరిగి, తప్పు చేస్తున్నదానిలా, మెల్లగా "గవరయ్య" అంది.

గవరయ్య భగ్గుమన్నాడు. మంట సీలింగును తాకింది, ఫ్యాను రెక్కలు నల్లబడ్డాయి, భానోజీరావు కనుబొమలు మాడిపోయాయి. సిబ్బంది ఇసుక బకెట్ల కోసం పరుగులు తీశారు. గవరయ్య మోకాళ్ళ సంగతే మరిచిపోయి లేచి నిలబడ్డాడు.

"ఓలే దాలీ, ఇంకోపాలి అనే!" అన్నాడు మంటల్లోంచి.

త్రివిక్రమం గారు పేపరు దించి చూశారు. మందాకిని గారు ఆయన వైపు ఒంగి, ఎవరికీ వినపడకుండా, "త్రివిక్రమం" అని పిలిచింది.

"ఏం?" అన్నారాయన.

"ఏం లేదండీ" అని ఆవిడ మళ్ళీ బఠాణీల పళ్ళెం దగ్గరికి లాక్కుంది.

ఇసుక చల్లాక భానోజీరావు నిబంధనలు తిరగేసి ఒక దారి కనిపెట్టాడు. ప్రమాదం మనిషిలో లేదు, పిలుపులో ఉంది. బి-బ్లాకుకు వెళ్తే ఆమె ఎన్నిసార్లయినా పిలుచుకోవచ్చు. ఒకే గదిలో ఉండాలంటే ఇక ఆ పేరు ఎత్తనని హామీ ఇవ్వాలి.

"ఇన్నేళ్ళూ పిలవలేదు కదమ్మా, కొత్తగా పోయేదేముంది?" అన్నాడు. ఆదుకోవాలనే అన్నాడు. కాలనీలో చాలామంది ఏదో ఒక హామీ ఇచ్చి కలిసి ఉంటున్నవాళ్ళే. ఒకామె ఇక పాడనని ఇచ్చింది. ఒకాయన భార్యకు జడ వేయనని ఇచ్చాడు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

దాలమ్మ భర్తను అడిగింది. "ఏటి సెయ్యమంటావు?"

గవరయ్య చొక్కా అంచులు ఇంకా ఎర్రగా మినుకుమంటున్నాయి. "అక్కడెక్కడో గోడెనకాల నువ్వు పిలిస్తే నాకినబడదు గదే" అన్నాడు.

ఆమె హామీ ఇచ్చింది. తెలివైన పని చేసిందని అందరూ అన్నారు. తెలివైన పనే.

ఇప్పుడు పొద్దున్నే ఆమె చెయ్యి పట్టుకుని ఆయన మంచం దిగుతున్నాడు. గది ఎప్పటిలాగే ఉంది, కర్టెన్లు కూడా. ఒక్కోసారి అన్నం తింటూ తింటూ గవరయ్య చెయ్యి ఆపేస్తాడు.

"పిలిసినావేటి?"

"నేదయ్యా. నాను పిలవనేదు."

"పిలిసినట్టు ఇనబడింది."

"తిను. కూర సల్లారిపోతంది."

గవరయ్య తల ఊపి తింటాడు. దాలమ్మ కొంగుతో నోరు గట్టిగా నొక్కుకుని, ఆయన తినడం అయ్యేదాకా అలాగే ఎదురుగా కూర్చుంటుంది.