నెలకు నలభై తొమ్మిది రూపాయల కేక

పక్కింటి పంచవర్ణం మా ఆవిడతో చెప్పిందట, మా ఆవిడ నాకు సంగటి వడ్డిస్తూ చెప్పింది: అంజప్ప కొడుకు బాలాజి కరెంటుకు నెలచందా పెట్టాడట. బెంగళూరులో ఉద్యోగం ఊడి ఇంటికొచ్చిన పిల్లకాయలకు ఇట్లాంటి బుద్ధులే పుడతాయట. ఈ రోజు కరెంటుకు పెట్టినవాడు రేపు గాలికీ ఎల్లుండి ఎండకూ చందా పెట్టకపోతే పంచవర్ణం తన చెవి కోసుకుంటుందట.

పాపం, పంచవర్ణానికి వ్యాపారం తెలియదు. అందుకే ఈ వ్యాసం.

నేను ఘంటాపథంగా చెబుతున్నాను: ఉచితంగా దొరికే మేలు మనిషిని చెడగొడుతుంది. ఏ మేలునైనా ఒక యాప్‌లో పెట్టి, ఏడు రోజులు రుచి చూపించి, ఎనిమిదో రోజు తలుపు వేసేస్తేనే దాని విలువ తెలిసొస్తుంది. బాలాజి మా ఊరికి చేసిన ఉపకారం సరిగ్గా ఇదే.

నేను ఇంత ధైర్యంగా రాయడానికి ఒక కారణం ఉంది. ఏరియూరు పక్కనున్న మా పల్లెలో అందరం ఇంట్లో తెలుగే మాట్లాడతాం. కానీ బడిలో నేర్పేది తమిళమే కాబట్టి, తెలుగు చదవడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. హోసూరులో మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్న పుణ్యం అది. కాబట్టి మా ఊరి గురించి నేను ఏం రాసినా మా ఊళ్ళో ఒక్కరూ చదవరు. రచయితకు ఇంతకన్నా భద్రత ఏం కావాలి?

ఇక విషయానికి వస్తాను.

బావి మోటారు తిరగాలంటే త్రీ ఫేజ్ కరెంటు రావాలి. అది ఎప్పుడు వస్తుందో దానికే తెలియదు. ఇంట్లో దీపం వెలుగుతోంది కదా అని మోటారు తిరగదు. మరి ఆటో స్టార్టర్ పెట్టుకోవచ్చు కదా అంటారా? పెట్టుకున్నాం. కరెంటు రాగానే నలభై మోటార్లు ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. ట్రాన్స్‌ఫార్మర్ కూర్చుండిపోయింది. పదకొండు రోజులు ఊరంతా బిందెలతో చేలు తడిపాక, ఆ స్టార్టర్లన్నీ పీకి అటక మీద పడేశాం.

అప్పుడు మాకు మిగిలింది తాయమ్మ.

తాయమ్మ మేకల కొట్టం ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే ఉంటుంది. గోడకు మూడు బల్బులు. మూడూ వెలిగితే త్రీ ఫేజ్ వచ్చినట్టు. ఆ మూడూ వెలగ్గానే తాయమ్మ కొట్టం ముందుకొచ్చి, చెంగు నడుముకు దోపి, "కరెంటు వచ్చిందిరో" అని ఒక్క కేక వేసేది. ముప్పై ఏళ్ళుగా వేసింది. ఆ కేక విన్నవాడు ముందు పక్క చేనికి అరవాలి, ఆ తరువాతే తన మోటారుకు పరుగెత్తాలి. ఇది మా ఊరి కట్టుబాటు. ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ తప్పలేదు. మూడు నిమిషాల్లో కేక చేనుచేనూ తిరిగి గుట్ట దాటేది. గుట్ట అవతల కూలికి కలుపు తీస్తున్నవాళ్ళు కూడా కొడవలి పడేసి తమ బావికి పరుగెత్తేవాళ్ళు.

ఎంత అనాగరికం చూడండి! ఆ కేకకు లోగో లేదు. పాస్‌వర్డ్ లేదు. వద్దన్నవాడి చెవిలోనూ పడేది. గట్టు తగాదాలో కోర్టుకెక్కినవాడికి కూడా వాడి పగవాడే అరిచి చెప్పేవాడు. వ్యాపార దృష్టి ఉన్న మనిషి ఎవడైనా ఇంత సరుకు గాలికి పోతుంటే చూస్తూ ఊరుకుంటాడా?

బాలాజి ఊరుకోలేదు. యాప్ పేరు 'కరెంటక్క' అని పెట్టాడు. తాయమ్మ కేకను ఫోన్లో రికార్డు చేసుకున్నాడు. ఆమె చేతికి ఒక స్మార్ట్‌ఫోన్ ఇచ్చి, అందులో ఒకే ఒక్క ఎర్ర బటన్ పెట్టాడు. ఆ శుభకార్యం జరిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"అవ్వా, ఇకమీద నువ్వు అరవొద్దు. బల్బులు వెలిగితే ఇది నొక్కు, చాలు."

"అరవకుంటే జనానికి ఎట్ల తెలుస్తుందిరా?"

"నీ గొంతే వాళ్ళ ఫోన్లో అరుస్తుంది."

"నా గొంతు వాళ్ళ ఫోన్లో ఉంటే, నేనెవరు?"

"నువ్వు కంటెంట్ పార్ట్‌నర్."

తాయమ్మ ఫోనును అటూ ఇటూ తిప్పి చూసి, "అది తినేదా, కట్టుకొనేదా?" అని అడిగింది.

బాలాజి న్యాయస్థుడు. కంటెంట్ పార్ట్‌నర్‌కు ప్రతిఫలం లేకుండా చేస్తాడా? తాయమ్మకు జీవితకాలపు ప్రీమియం సభ్యత్వం ఉచితంగా రాసిచ్చాడు. అంటే తన కేకను తాను, పైసా కట్టకుండా, చచ్చేదాకా వినొచ్చు.

యాప్ వ్యాపారం పెట్టాలనుకునే యువకులారా, ఇక్కడి నుంచి కాస్త శ్రద్ధగా చదవండి.

మొదటి ఏడు రోజులు అందరికీ ఉచితం. బల్బులు వెలిగిన మరుక్షణం జేబులో తాయమ్మ అరిచేది. చెట్టు కింద పడుకున్నవాడు పడుకున్నచోటే విన్నాడు, కల్లు తాగేవాడు తాగేచోటే విన్నాడు. ఎనిమిదో రోజు కరెంటు వచ్చింది, జేబు పలకలేదు. నలభై నిమిషాల తరువాత పలికింది. ఏమిటయ్యా అంటే, ఉచిత సభ్యులకు కేక నలభై నిమిషాలు ఆలస్యంగా వస్తుందట. వెంటనే కావాలంటే నెలకు నలభై తొమ్మిది. ఎంత దయ! కేకను పూర్తిగా ఆపేయలేదు కదా, చల్లారబెట్టి ఇచ్చాడు.

అందరికంటే ముందు నేను కట్టాను. చదువుకున్నవాణ్ణి కదా.

తరువాత గోల్డ్ ప్లాన్ వచ్చింది. కరెంటు వచ్చాక చెప్పడం కాదు, వచ్చేలా ఉందని ముందే చెప్పడం. ఈ సంగతి అడిగితే తాయమ్మ, "వాన వచ్చేటట్లుంటే నా మోకాలు గుంజుతుందిరా. కరెంటుకు ఏ కీలూ గుంజదు" అంది. బాలాజి ఆ మాటను పట్టించుకోకుండా గోల్డ్ ప్లాన్ పెట్టేసి, దానికి ఎ.ఐ. అని పేరు పెట్టాడు.

మా ఊరి మాదేశ్ ఒకసారి చందా మానేద్దామనుకున్నాడు. మానేసే బటన్ దొరకడానికే రెండు పూటలు పట్టింది. ఆరు తెరలు దాటాక ఏడో తెర మీద తాయమ్మ మేకపిల్లను ఎత్తుకున్న ఫోటో వచ్చింది, కింద 'నన్ను వదిలిపోతావా నాయనా' అని తమిళంలో రాసి ఉంది. మాదేశ్ మనసు వెన్న. ఏడాదికి కట్టేశాడు.

ఈ మాదేశ్‌కూ వాడి తమ్ముడు ధనశేఖర్‌కూ భాగాలు పంచుకున్నప్పటి నుంచి తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. పెద్దమనుషులు చెప్పినా వినలేదు, కులదేవత పండగకు కూడా ఒక పందిట్లో కూర్చోలేదు. బాలాజి ఫ్యామిలీ ప్లాన్ పెట్టగానే, చందా తగ్గుతుందని, ఇద్దరూ ఒకే కుటుంబంగా నమోదయ్యారు. గట్టు మీద ఎదురైతే ఇప్పటికీ చెరో పక్కకు ఉమ్ముతారనుకోండి. ఫోన్లో మాత్రం కలిసే ఉన్నారు. తొమ్మిదేళ్ళలో పెద్దమనుషులు చేయలేనిది ఒక ఆఫర్ చేసింది. ఇంకా యాప్‌లు వద్దంటారా?

అయితే వ్యాపారం ఎదగాలంటే పోటీదారును గుర్తించాలి. బాలాజి కంప్యూటరు ముందు మూడు రోజులు కూర్చుని గుర్తించాడు. అతని పోటీదారు మా నోరు.

డబ్బు కట్టినవాడు పాత అలవాటు కొద్దీ పక్క చేనికి అరిచేస్తే, పక్క చేనివాడు ఎందుకు కడతాడు? అందుకని షరతుల్లో ఒక వాక్యం చేర్చాడు: కేకను ఇతరులతో పంచుకుంటే సభ్యత్వం రద్దు. నిజానికి ఆ వాక్యం అక్కర్లేకపోయింది. ఒక సాయంత్రం నేనూ మాదేశూ గట్టు మీద కూర్చుని ఉండగా మా ఇద్దరి జేబుల్లోనూ తాయమ్మ అరిచింది. మాదేశ్ లేచి, గుట్ట వైపు తిరిగి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకున్నాడు. అంతలో నా వైపు చూశాడు. చిన్నగా దగ్గి, తువ్వాలు దులుపుకొని కూర్చున్నాడు. నేనూ దగ్గాను.

నెల తిరిగేసరికి మా చేలల్లో ఎంత ప్రశాంతతో! పిట్టల కూతలు కూడా వినబడసాగాయి.

ఇంత ప్రశాంతతలోనూ ఒకరిద్దరు గొణిగేవాళ్ళు ఉంటారు. మా బావిలో సగం భాగం గౌరమ్మది. వరసకు నాకు చెల్లెలవుతుంది. ఒకే మోటారు, రోజు మార్చి రోజు వంతు. ఎవరి వంతు రోజు వాళ్ళ దగ్గర షెడ్డు తాళంచెవి ఉంటుంది. నాకైతే మొలతాడుకు, ఆమెకు కొంగుకు. గౌరమ్మ అర ఎకరంలో టమాటా వేసింది. ఆ అర ఎకరమే ఆమె ఆస్తి, ఆ టమాటానే ఆమె ఏడాది సంపాదన. పగలంతా గుట్ట అవతల కూలికి పోతుంది. ఆమె దగ్గర ఉన్నది బటన్ల ఫోను. అందులో కరెంటక్క ఉండదు.

కేకలు ఆగిపోయాక ఆమె వంతు పదిహేను రోజులు వస్తే, నీళ్ళు పారింది నాలుగు రోజులే. సాయంత్రం కూలి నుంచి వచ్చి షెడ్డు తెరిచేసరికి కరెంటు వచ్చీ పోయీ ఉండేది. పూత రాలింది. నిలిచిన కాయ గోలీకాయంత అయి ఆగింది.

ఒకరోజు బావి దగ్గర నన్ను అడిగింది. "అన్నా, ఈ నడుమ పగలు కరెంటు వస్తానే లేదా?"

"వస్తా ఉందమ్మా. యాప్‌లో చెబుతారు. స్మార్ట్‌ఫోన్ కొనుక్కో."

"ఫోను కొనాలంటే టమాటా పండాల. టమాటా పండాలంటే ఫోను ఉండాలంటావు. నేను ఏ కొసన పట్టుకొనేదన్నా?"

దీన్నే వ్యాపార భాషలో ఎంట్రీ బ్యారియర్ అంటారని ఆమెకు వివరించాను. విని వెళ్ళిపోయింది. వినియోగదారుల్లో అవగాహన పెంచడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

ఆమె వంతు రోజుల్లో నేను అరవొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. నిజమే, ఆ రోజుల్లో ఆ కేక నాకు దేనికీ పనికిరాదు. అయినా నా డబ్బుతో కొన్న కేక. పనికిరాకపోతే మాత్రం, నాది కాకుండా పోతుందా? జేబులో తాయమ్మ అరిచినప్పుడు గౌరమ్మ కూలి చేసే చేను పక్కన నేనుంటే, శబ్దం తగ్గించుకునేవాణ్ణి. మర్యాద తెలిసినవాణ్ణి.

ఈలోగా కరెంటక్క అటు హరూర్ దాకా, ఇటు బొమ్మిడి దాకా పాకింది. పన్నెండు ట్రాన్స్‌ఫార్మర్లు, పన్నెండు మంది తాయమ్మలు, వెయ్యిమంది చందాదారులు. వెయ్యో చందాదారు చేరిన సందర్భంగా బాలాజి మా పల్లె బడి ఆవరణలో షామియానా వేసి పెద్ద సభ పెట్టాడు. పెట్టుబడి పెట్టడానికి బెంగళూరు నుంచి ముఖేశ్ అనే ఆయన వచ్చాడు. చెడ్డీ వేసుకొని వచ్చాడు కాబట్టి చాలా డబ్బున్నవాడని అందరం గ్రహించాం.

నేను సభకు బయలుదేరాను. ఆ రోజు బావి వంతు నాది. చేమంతి నారు నాటి రెండు రోజులైంది, ఆ పూట నీరు పారితేనే బతుకుతుంది. కానీ భయమెందుకు? తాళంచెవి మొలతాడుకు ఉంది, యాప్ జేబులో ఉంది. దారిలో వెనక నుంచి ఎవరో అరిచినట్టు అనిపించింది. తిరిగి చూశాను. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎవరో ఆడమనిషి చెయ్యి ఊపుతోంది. ఫోను తీసి చూశాను. యాప్ నిశ్శబ్దంగా ఉంది. యాప్‌లో రాని కరెంటు లోకంలో వస్తుందా? ముందుకు నడిచాను.

సభ ఘనంగా జరిగింది. ముఖేశ్ లేచి, "మీ సర్వర్లు ఎక్కడ పెట్టారు?" అని అడిగాడు. అత్యంత భద్రమైన చోట అన్నాడు బాలాజి. సర్వర్లు పన్నెండూ వేదిక మీద వరసగా కూర్చుని, శాలువాలు కప్పుకొని, కాఫీ ఊదుకుంటూ తాగుతున్నాయి. సన్మానం కోసం ఊరూరికీ వ్యాను పంపి పన్నెండు మందినీ బాలాజియే రప్పించాడు.

భోజనాలు పూర్తవుతుండగా ధనశేఖర్ బండి మీద వచ్చి దిగాడు. త్రీ ఫేజ్ వచ్చి, రెండు గంటలు ఉండి, పోయిందని చెప్పాడు. వెయ్యి ఫోన్లలో ఒక్కటీ పలకలేదు. విస్తళ్ళ ముందు నుంచి జనం లేచారు. "సర్వర్ డౌన్" అన్నాడు బాలాజి. అందరూ తాయమ్మ వైపు చూశారు.

"నన్నెందుకు చూస్తారు? ఫోటో, ఫోటో అని కూర్చోబెట్టి లేవనిచ్చినారా?" అంది తాయమ్మ శాలువా సర్దుకుంటూ.

అప్పుడే గౌరమ్మ తాయమ్మ మేకలను తోలుకుంటూ బడి ముందుకు వచ్చింది. ఎండిపోయిన టమాటా చేను అంతా వాటికి మేపేసి, తిరిగి అప్పగించడానికి తెచ్చింది. నా చేమంతి నారు గుర్తొచ్చి నాకు ఒళ్ళు మండింది. మేకలను విప్పుకొచ్చింది ట్రాన్స్‌ఫార్మర్ పక్కనున్న కొట్టం నుంచే కదా, మూడు బల్బులూ ఆమె కళ్ళెదుటే వెలిగి ఉంటాయి కదా!

"ఏం గౌరమ్మా, ఊరి కట్టుబాటు మరిచిపోయినావా?" అన్నాను, సభంతా వినేలా. "చూసినవాళ్ళు అరవాల్నా వద్దా? తోడబుట్టినట్టు ఒకే బావి నీళ్ళు తాగేవాళ్ళం. ఒక్క కేక వేయలేకపోయినావా?"

గౌరమ్మ మేకలను అదిలించి, నిదానంగా నా వైపు తిరిగింది.

"అరిచినానన్నా. అన్నా, అన్నా అని మూడుసార్లు అరిచినాను. నువ్వు తిరిగి చూసినావు, ఫోను తీసి చూసినావు, మళ్ళా జోబులో పెట్టుకొని పోయినావు. అది పోనీ. నా తోట ఎండిన నెలంతా తాయమ్మక్క నీ జోబులో అరస్తానే ఉండె కదా, ఒక్క దినమన్నా నువ్వు నాకు అరిచినావా?"